పైనక్క నానబెట్టని గింజలు

పైనక్కకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అంతస్తుల మీద అంతస్తులు లేపే చోట ఆమె టవర్ క్రేన్ నడుపుతుంది. పొద్దున్నే నిచ్చెన ఎక్కి, ఆ చివరనున్న అద్దాల గదిలో కూర్చుందంటే పని ముగిసేదాకా దిగదు. ఇనుము కట్టేవాళ్లకి ఊచలు కావాలన్నా, కాంక్రీటు పోసేవాళ్లకి బకెట్ కావాలన్నా తల పైకెత్తి "అక్కా" అనాల్సిందే. అప్పట్లో స్టోరులో ఇంకో అక్క ఉండేది. ఇద్దరక్కలతో గందరగోళంగా ఉందని ఆమెని కిందక్క అనీ ఈమెని పైనక్క అనీ పిలవడం మొదలుపెట్టారు. కిందక్క వేరే చోట పని చూసుకుని వెళ్లిపోయింది. పైనక్క పైనే ఉండిపోయింది.

ఆడమనిషి క్రేన్ నడపడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఆమె పని చూశాక ఆ వేళ్లన్నీ ఒక్కొక్కటే దిగాయి. గాలి తోలుతున్నప్పుడు కూడా బరువుని ఊగనివ్వకుండా తెచ్చి, కింద మనిషి చెయ్యి పెట్టి చూపించిన చోటే ఆనిస్తుంది. విసుక్కోదు, తొందరపడదు, ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పించుకోదు. ఇదే మనిషి ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడ పెట్టిందో మర్చిపోయి అరలన్నీ వెతుకుతుందని ఆమె భర్త పదిమందిలో చెప్పి నవ్వుతుంటాడు. ఆయన డ్రైక్లీనింగ్ కొట్టులో ఇస్త్రీ పని చేస్తాడు. నవ్వడానికి ఆయనకి పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ అద్దాల గది అంటే ఆమెకి ప్రాణం. ఒక కుర్చీ, చెరో పక్కా ఒక మీట, తల దగ్గర వాకీటాకీ, అంతే సామాను. ఇంట్లో రెండు గదులు, అందులో అత్తగారు, మొగుడు, పొద్దస్తమానం వచ్చిపోయే ఆడపడుచు. తనదంటూ ఒక మూల దొరకని మనిషికి ఆ గదిలో కూర్చుంటే మహారాణినన్నట్టు ఉండేది. దాన్ని వదులుకోమంటే ఆమె ఒక చెయ్యి వదులుకోవడానికైనా ముందు ఒప్పుకునేది. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ గది చేజారిపోతుందన్న భయం వల్ల జరిగినదే కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఆమెకి పని నేర్పింది పక్క క్రేన్ నడిపే పెద్దాయన. అంతకుముందు ఆమె సామాన్ల లిఫ్టు దగ్గర మీట నొక్కే పనిలో ఉండేది. పెద్దాయన మాట పొదుపు మనిషి. గాలిని ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు నమ్మకూడదో, తాడు ఏ చప్పుడు చేస్తే ఆగాలో, అన్నీ చూపించాడు తప్ప చెప్పలేదు. నోరు తెరిచి చెప్పింది ఒకటే: "పైకెక్కేవాళ్లు నీళ్లకి దూరంగా ఉండాలమ్మాయ్." ఎందుకని ఆమె అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు. అంత ఎత్తు నుంచి దిగి, పని చూసుకుని, మళ్లీ ఎక్కాలంటే చాలా సేపు పడుతుంది. క్రేన్ ఆగితే కింద పని మొత్తం ఆగుతుంది. మగవాళ్లలో చాలామందికి ఒక ఉపాయం ఉంది, దానికి ఒక ఖాళీ సీసా చాలు, అంతకన్నా వివరించను. పైనక్కకి ఆ ఉపాయం లేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డి గేటు అవతల, స్టోరు వెనకాల ఉంది. దానికి తాళం, ఆ తాళంచెవి కాపలావాడి దగ్గర.

పనిలో చేరిన కొత్తలో ఒకసారి మాత్రం దిగింది. ఆమె ఇంకా నిచ్చెన మధ్యలో ఉండగానే నడుముకి తగిలించుకున్న వాకీటాకీలో సైటు ఇంజనీరు ఎవరితోనో అంటున్న మాట వినపడింది. "ఇందుకేనయ్యా నేను ఆడవాళ్లు వద్దని మొత్తుకుంది." తన వాకీటాకీ మీట నొక్కి ఉందని ఆయనకి తెలీదు. ఆ మాట అన్నట్టు కూడా ఆయనకి ఇప్పుడు గుర్తుండదు. పైనక్క మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ మధ్యలో దిగలేదు. పొద్దున ఇంట్లో అరకప్పు టీ, ఇక మళ్లీ సాయంత్రం ఇంటికి వచ్చాకే నీళ్లు. క్యాబిన్‌లో ఒక నీళ్ల సీసా ఉండేది కానీ అది కళ్లు తిరిగినప్పుడు పెదాలు తడుపుకోవడానికే.

ఇలా ఏళ్ల తరబడి ఎండిపోతే ఒళ్లు ఊరుకుంటుందా? ముందు తలనొప్పి పట్టుకుంది. తర్వాత గుండెల్లో మంట. రొట్టెలాంటిది తొందరగా మింగితే రొమ్ము వెనకాల పట్టేసినట్టయి, కాసేపటికి జారేది. వీటన్నిటికీ పెద్దక్కలాంటిది మలబద్ధకం. పొద్దున బాత్‌రూమ్‌లోకి వెళ్లిందంటే బయట మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని కొట్టుకి ఆలస్యమైపోతోందని పచార్లు చెయ్యాల్సిందే.

ఈ సంగతి ఆడపడుచు చెవిన పడింది. అంటే ఊరంతటికీ తెలిసినట్టే, ఎందుకంటే ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆరోగ్యం గురించి ఏం చెప్పినా సాయంత్రానికి అది అన్నగారింట్లో అమలుకి వచ్చేస్తుంది. మనసు మాత్రం వెన్న.

"బాత్‌రూమ్ తలుపు మీద నీ పేరు రాయించాలంటున్నాడు అన్నయ్య," అంది ఆవిడ ఒక సెలవురోజు వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

"మీ అన్నయ్య నోటికి తాళం వెయ్యాలి ముందు," అంది పైనక్క.

"నవ్వులాట కాదు వదినా. ఇదిగో, చియా గింజలు. మా పార్లర్‌కి వచ్చేవాళ్లంతా ఇవే. అమ్మక్కూడా నెల నుంచీ ఇస్తున్నాను, మోకాళ్లకి మంచిదట."

పొట్లంలో బూడిదరంగు గింజలు, సబ్జా గింజలకి పిన్ని కూతుళ్లలా ఉన్నాయి. ఆడపడుచు ఎలా తినాలో వేళ్లు ముడిచి మరీ చెప్పింది. రాత్రి చెంచాడు గింజలు గ్లాసుడు నీళ్లలో నానెయ్యాలి. పొద్దున్నకి జావలా అవుతుంది. అది తాగి, పైన ఇంకో రెండు గ్లాసుల నీళ్లు తాగాలి. పొట్లం మీద కూడా దాదాపు అదే రాసి ఉంది. పైనక్క అది చదివింది కూడా. చదువురాకనో చెప్పింది వినకనో ఈ పని చేసిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు.

ఆ రాత్రి నానేసింది. పొద్దున లేచి గ్లాసు చేతిలోకి తీసుకుని చూసింది. గింజలు ఉబ్బి, ఒక్కోదాని చుట్టూ జిగురు పట్టి, గ్లాసు నిండా కదలకుండా కూర్చున్నాయి. ఇది ఒక గ్లాసు. పైన ఇంకో రెండు. ఇవన్నీ తాగి పైకెక్కితే టీ వేళైనా కాకముందే దిగాల్సి వస్తుంది. ఆమె ఆ గ్లాసుని పట్టుకుని వంటగదిలో కాసేపు నిలబడి, తర్వాత గింజల్ని సింకులో పారబోసింది.

అప్పుడు ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. పని చేసేది గింజ. నీళ్లు దాన్ని లోపలికి మోసుకెళ్లడానికే కదా. నీళ్లు లేకుండా గింజని మింగితే కడుపులో తడి ఉండదా ఏంటి, అక్కడే నానుతుందిలే. ఈ తర్కం విని నవ్వొస్తే నవ్వుకోవచ్చు. కానీ నీళ్ల చుక్కని కూడా లెక్కపెట్టుకుని బతికే మనిషికి ఇంతకన్నా సబబైన ఆలోచన రాదు. మరుసటి రోజు నుంచి పైనక్క గింజల పొట్లం బ్యాగులో వేసుకుని వెళ్లి, బట్టలు మార్చుకునే షెడ్డులో చెంచాడు గింజలు నోట్లో పోసుకుని, ఒక్క గుటక నీళ్లతో మింగి, నిచ్చెన ఎక్కేది.

కడుపు బాగుపడలేదు. పైపెచ్చు గట్టిపడింది, ఉబ్బింది. సాయంత్రానికి ప్యాంటు బొత్తాం విప్పుకుని కూర్చోవాల్సి వచ్చేది. పీచు తిని నీళ్లు తాగకపోతే జరిగేది అదేనని ఆమెకి తెలీదు. మోతాదు చాలడం లేదనుకుంది. చెంచాడు కాస్తా నిండు చెంచా అయింది, తర్వాత రెండు చెంచాలు.

"ఎలా ఉంది వదినా, పనిచేస్తోందా?" అని ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ, పర్లేదు," అనేది. పొడిగా మింగుతున్నానని చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే పార్లర్ మొత్తానికి తెలుస్తుంది.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది. షెడ్డులోకి వచ్చేసరికి అప్పటికే కింద సిగ్నల్‌మేన్ ఆమె కోసం చూస్తున్నాడు. సిగ్నల్‌మేన్ అంటే నేల మీద నిలబడి, బరువు ఎక్కడికి తేవాలో, ఎంత దించాలో వాకీటాకీలో క్రేన్‌కి చెప్పేవాడు. పైనక్కకీ అతనికీ ఏళ్ల జోడీ. ఆమె హడావిడిగా గింజలు నోట్లో పోసుకుంది. సీసాలో అడుగున మిగిలిన నీళ్లు సరిగ్గా గుటకైనా లేవు. ఎలాగో మింగేసి నిచ్చెన పట్టుకుంది.

సగం ఎక్కేసరికే రొమ్ము వెనకాల ఏదో పట్టేసినట్టుంది. రొట్టె అలాగే పట్టేసి జారిపోతుంది కదా, ఇదీ జారుతుందిలే అనుకుంది. అది జారలేదు. క్యాబిన్‌లో కూర్చుని రెండు మూడు బరువులు ఎత్తి దించాక ఉమ్మి కూడా లోపలికి పోవడం మానేసింది. మింగబోతే పైకి ఎగదన్నుతోంది.

సరిగ్గా అప్పుడే అద్దాల పెట్టె కొక్కేనికి తగిలించారు. నిలువెత్తు అద్దాలు, పెట్టెలో పెట్టి కట్టినవి, పై అంతస్తుకి చేర్చాలి. అక్కడ అంచు దగ్గర నలుగురు మనుషులు బెల్టులు కట్టుకుని చేతులు చాపి నిలబడ్డారు. పైనక్క పెట్టెని నేల మీంచి లేపింది. లేపాక నొప్పి ఎక్కువైంది. ఎవరికైనా వచ్చే ఆలోచనే ఆమెకీ వచ్చింది, ఒక గుక్క నీళ్లు తాగితే పోతుందని. ఒక చెయ్యి మీట మీదే ఉంచి, రెండో చేత్తో సీసా అందుకుని తాగింది.

అదే ఆమె చేసిన రెండో పొరపాటు. ఎండు గింజలకి నీళ్లు దొరికాయి. కడుపులో నానుతాయనుకున్నవి అన్నవాహికలోనే నానడం మొదలుపెట్టాయి. రాత్రంతా గ్లాసులో చేసే పనిని అవి అక్కడ చేశాయి. తాగిన నీళ్లు తాగినట్టే ముక్కులోంచి, నోట్లోంచి తిరిగొచ్చాయి. గొంతులో వెలక్కాయ పడ్డట్టయిందని జనం ఊరికే అంటుంటారు. నిజంగా పడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలిసొచ్చింది.

"పైనక్కా, ఇంకొంచెం ఎడమకి," అన్నాడు సిగ్నల్‌మేన్.

మాట్లాడాలంటే నోటినిండా ఉమ్మి. వాళ్లిద్దరికీ ఒక అలవాటుంది. చేతులు ఖాళీ లేనప్పుడు వాకీటాకీ మీట టక్ టక్ అనిపిస్తే సరేనని. ఆమె టక్ టక్ అనిపించింది.

"కొద్దిగా దించు... ఇంకా... గాలొస్తోంది, ఆగాగు."

టక్ టక్.

"ఏంటక్కా, పలకవేం? మాట పడిపోయిందా?"

ఆమె మెడకి చుట్టుకున్న గుడ్డలో ఉమ్మి, కళ్లలో నీళ్లు తుడుచుకుని, మళ్లీ మీట మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడుతోంది, అదొక్కటే ధైర్యం. కింద నలుగురి తలల మీద అద్దాలున్నాయి. పెట్టెని ఊగనివ్వకుండా, ఒక్కో జానెడూ దించి, ఆ నలుగురూ చేతులతో పట్టుకుని, కొక్కెం విడిపించి, బొటనవేలు పైకెత్తేదాకా ఆమె కళ్లు ఆర్పలేదు.

అంతా అయ్యాక ఆ మనిషికి ముందు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ప్రాణం పోతుందేమోనని కాదు. ఇప్పుడు దిగితే ఏమనుకుంటారోనని! ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలా కూర్చుని ఇంకాసేపు గుడ్డలో ఉమ్ముకుంటూ ఉంది. ఇంకో బరువు తగిలించమంటావా అని కిందినుంచి అడిగితే అప్పుడు నోరు తెరిచి, "వద్దు. గొంతులో అడ్డం పడింది. దిగుతున్నా," అంది. ఆ గొంతు విని సిగ్నల్‌మేన్‌కి కంగారు పుట్టింది. వాకీటాకీ పక్కవాడి చేతిలో పడేసి నిచ్చెన ఎక్కాడు.

సగం దారిలో ఆమెకి ఎదురై, ఆమె కన్నా కింద ఉండి, ఒక్కో మెట్టూ దించాడు. "ఎడమ కాలు కిందికి. ఆ, అక్కడే. నేను కిందే ఉన్నా, నువ్వు భయపడకు." ఏళ్ల తరబడి బరువులు ఎక్కడ పెట్టాలో చెప్పినవాడు ఇప్పుడు కాళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పాడు. మధ్య మధ్య ఆగి ఆమె ఉమ్మేది, అతను చూపు తిప్పుకునేవాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గొంతులో మందు కొట్టి, సన్నటి గొట్టం లోపలికి పంపి చూసింది. అన్నవాహిక కింది భాగంలో గింజలన్నీ కలిసి జిగురు ముద్దై బిరడాలా బిగుసుకున్నాయి. దాన్ని చిదిపి, మెల్లగా కిందికి తోసేసరికి డాక్టరమ్మకి కూడా చెమట పట్టింది. ఏళ్ల నాటి గుండెల్లో మంట వల్ల అక్కడ కాస్త ఇరుకైందని, రొట్టె పట్టెయ్యడానికి కారణం అదేనని, మళ్లీ ఒకసారి వచ్చి చూపించుకోవాలని చెప్పింది.

అప్పటికి మొగుడూ ఆడపడుచూ వచ్చారు. ఆడపడుచు మంచం పక్కన కూలబడి ఏడుపు లంకించుకుంది.

"నా చేతుల్తో నేనే చంపేసుకునేదాన్ని వదినా!"

"నువ్వు నానబెట్టమనే చెప్పావుగా. ఊరుకో," అంది పైనక్క బొంగురు గొంతుతో.

డాక్టరమ్మ వీళ్లందరినీ చూసి, ఒక్కసారే చెప్పేస్తే మంచిదనుకుందేమో, కుర్చీ లాక్కుని కూర్చుంది. "గింజలు విషం కావమ్మా. నానబెట్టుకుని, కొద్దిగా, నీళ్లు బాగా తాగుతూ తింటే చాలామందికి ఏమీ కాదు. పొడిగా మింగకూడదు. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకపోవడమే మేలు. నీళ్లు తాగకుండా తింటే మలబద్ధకం పోదు సరికదా, పేగుల్లో కూడా ఇలాగే అడ్డం పడొచ్చు. బీపీకి, షుగరుకి, రక్తం పల్చబడ్డానికి మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగి తినాలి."

ఆడపడుచు ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "రక్తం పల్చబడ్డానికా? అమ్మ వేసుకుంటుందే ఆ మాత్ర! నేను ఇన్నాళ్లుగా..."

"కంగారు పడకండి. ఆపేసి, ఆవిడ డాక్టరుకి చెప్పండి. చెప్పకుండా తినడమే తప్పు," అంది డాక్టరమ్మ. ఆడపడుచు ఫోన్ పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది. 'అమ్మా, ఆ డబ్బా ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతా' అనడం లోపలికి వినపడింది.

డాక్టరమ్మ పైనక్క వైపు తిరిగింది. "నానబెట్టాలని పొట్లం మీదే రాసుంటుంది కదమ్మా. చదవలేదా?"

"చదివానండి."

"మరి?"

పైనక్క పైకప్పు వైపు చూసింది. "నానబెడితే అది నీళ్లు తాగినట్టే కదా డాక్టరుగారూ."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. మొగుడికీ అర్థం కాలేదు. ఇద్దరూ ఆమె మొహం చూశారు. అప్పుడు పైనక్క ఇన్నేళ్లలో మొదటిసారి ఆ సంగతి బయటపెట్టింది. నిచ్చెన, తాళంచెవి, టీ కప్పు, సాయంత్రం దాకా ఎండిన నోరు. చెప్పడం పూర్తయ్యాక ఎప్పుడూ నవ్వే మొగుడు నవ్వలేదు. బాత్‌రూమ్ బయట పచార్లు చేసిన రోజులు గుర్తొచ్చి ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"నాకు ఒక్క మాట చెప్పొద్దుటే?" అన్నాడు.

"చెబితే ఏం చేస్తారండీ? నిచ్చెన వేసుకొచ్చి నీళ్లు పోస్తారా?"

డాక్టరమ్మ మాత్రం కచ్చితంగా చెప్పేసింది. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగాలి, వచ్చినప్పుడు ఆపుకోకుండా వెళ్లాలి. అది కుదరని పని అయితే ఆ పని మానుకోవాలి, లేకపోతే తర్వాతి వంతు మూత్రపిండాలది. పైనక్క ఊ కొట్టింది. మానుకోవాలి అన్న మాట దగ్గర మాత్రం ఊ అనలేదు.

కోలుకుని పనిలోకి వెళ్లిన రోజు పొద్దున అందరినీ గేటు దగ్గర సమావేశపరిచారు. ఇంజనీరు సారు అప్పటికే ఒక బోర్డు రాయించి పెట్టాడు. 'ఈ ఆవరణలో చియా గింజలు తినరాదు.' సిగరెట్ తాగరాదు అన్న బోర్డు పక్కనే దాన్ని బిగించారు. వెనకనుంచి ఎవరో ఆవాలు తినొచ్చా సార్ అని అడిగారు, జనం కిసుక్కుమన్నారు. ఇంజనీరు చెడ్డవాడని నేననను. ఆపద వస్తే బోర్డు పెట్టాలని నేర్చుకున్న మనిషి, పెట్టాడు.

ముందుగా ఆమెని పక్కకి పిలిచి అడిగాడు. "గింజల వల్లే కదమ్మా? ఒంట్లో ఇంకేం లేదుగా? ఇంకేదన్నా ఉందంటే నేను పైకి పంపలేను, తెలుసుగా."

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. చెబితే ఆయన ఏమంటాడో ఆమెకి తెలుసు. లిఫ్టు దగ్గరికి పొమ్మంటాడు, మర్యాదగానే పొమ్మంటాడు.

"ఇంకేం లేదు సార్," అంది.

అందరి ముందూ నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమంటే, పొడి గింజలు మింగొద్దని, మందులు వాడేవాళ్లు అడిగి తినమని చెప్పి ఊరుకుంది. చప్పట్లు కొట్టారు. పెద్దాయన కొట్టలేదు. వెనక వరుసలో నిలబడి ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. పైనక్క తల దించుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది.

నీళ్లు మాత్రం తాగింది. డాక్టరమ్మ చెప్పినట్టే, ఎండ ఎక్కేలోగా కొంచెం కొంచెంగా. తల నొప్పి పెట్టలేదు, నోరు పిడచకట్టలేదు, చూపు కూడా తేటగా ఉన్నట్టనిపించింది. అనుకున్నట్టే కాసేపటికి రానే వచ్చింది. కాంక్రీటు పోసే పని నడుస్తోంది. బకెట్ వెనక బకెట్. ఈ బకెట్ అయ్యాక చెబుదామనుకుంది. ఆ బకెట్ అయ్యాక ఇంకొకటి చూద్దామనుకుంది. కాళ్లు దగ్గరికి ముడుచుకుని, పళ్లు బిగబట్టి, పాత అలవాటులోకి మళ్లీ జారుతోంది. ఇంకాసేపు ఆపుకుంటే ఆ కోరిక దానంతటదే చచ్చిపోతుందని ఆమెకి తెలుసు. ఇన్నాళ్లూ దాన్ని అలాగే చంపింది. చేతిలో సీసా సగం ఉంది. రేపటి నుంచి ఇది తాగనని కూడా మనసులో అనేసుకుంది. ఆ మాట అనుకోగానే ఆమెకి ఒక్కసారిగా తన మీద తనకే పట్టలేనంత కోపం వచ్చింది.

బకెట్‌ని కింద ఆనించి, కొక్కెం విడిపించమని చెప్పి, వాకీటాకీ మీట నొక్కింది.

"క్రేన్ ఆపుతున్నా. దిగుతున్నా."

"ఏమైందక్కా? మళ్లీ గొంతా?" సిగ్నల్‌మేన్ కంగారుగా అడిగాడు.

"గొంతు బాగానే ఉంది. బాత్‌రూమ్‌కి వెళ్లాలి."

అందరూ వినే ఛానెల్ అది. కింద తలలు పైకి లేవడం ఆమెకి కనిపిస్తోంది. కాసేపటికి ఇంజనీరు గొంతు వచ్చింది.

"కాంక్రీటు గట్టిపడిపోతుందమ్మా. ఇంకాసేపు ఆగలేవా?"

"ఆగగలను సార్," అంది పైనక్క. "ఇన్నేళ్లూ ఆగాను. గింజలు నానబెట్టుకుంటే నీళ్లు తాగినట్టవుతుందని పొడివి మింగాను సార్, దిగాల్సి వస్తుందని. నా గొంతులో అడ్డం పడింది అదీ. ఇంక ఆగను. నన్ను లిఫ్టు దగ్గరికి పంపుతానంటే పంపండి. దిగొచ్చాక మాట్లాడదాం."

వాకీటాకీ నడుముకి తగిలించుకుని నిచ్చెన పట్టుకుంది. ఆ గది తనదిగా ఉండటం ఇదే ఆఖరేమోనని ఏడుపొస్తోంది. అయినా దిగుతోంది. మొదటి మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, నడుము దగ్గర గరగరమంది. పెద్దాయన గొంతు.

"రెండో క్రేన్ కూడా ఆపుతున్నా. నేనూ దిగుతున్నా."

"మీకేమైంది?" అన్నాడు ఇంజనీరు.

"అదే సార్. ఆ అమ్మాయికి నీళ్లు తాగొద్దని చెప్పింది నేనే. ఈ పనిలో చేరినప్పట్నుంచీ నాదీ అదే అవస్థ, చెప్పుకోవడానికి సిగ్గేసింది."

పైనక్క తల తిప్పి చూసింది. అవతలి క్రేన్ గది తలుపు తెరుచుకుంది. ముసలి కాలొకటి బయటికి వచ్చి మెట్టు కోసం వెతుకుతోంది. ఆమె నిచ్చెన మీద అలాగే నిలబడి, ఆయన కాలికి మెట్టు దొరికేదాకా చూసింది. తర్వాత తన మెట్టు తను దిగింది.